ఊరి పేరులోనే వలస

రైలు దిగిన స్టేషను పేరు ఒకటి, అడుగు పెట్టిన ఊరి పేరు ఇంకొకటి. ఆమదాలవలసకి కొత్తగా వచ్చినవాళ్ళు ముందుగా తికమక పడేది ఇక్కడే. ప్లాట్‌ఫారం మీద పసుపు పలక ‘శ్రీకాకుళం రోడ్’ అంటుంది. బయటికొస్తే కొట్ల మీద ‘ఆమదాలవలస’ అని రాసి ఉంటుంది. ఇక అసలు శ్రీకాకుళమేమో అక్కణ్ణించి ఆటోలోనో బస్సులోనో పది పన్నెండు కిలోమీటర్లు వెళితేగానీ రాదు.

రైల్వేవాళ్ళ లెక్కలో ‘రోడ్’ అన్న మాటకి అర్థం వేరు. ఆ ఊరికి వెళ్ళేవాళ్ళు ఇక్కడ దిగి దారి పట్టండి అని చెప్పడం అన్నమాట. ఒడిశాలో ఖుర్దా రోడ్ స్టేషను ఉన్నది జట్నీ అనే ఊళ్ళో. మన నర్సీపట్నం రోడ్డూ ఆ కోవలోదే. పెద్ద ఊరి పేరు పలక మీదికి ఎక్కుతుంది. స్టేషన్ని మోస్తున్న ఊరు మాత్రం చడీచప్పుడూ లేకుండా దాని కింద ఉండిపోతుంది.

1893, 1896 సంవత్సరాల మధ్య కటక్ నుంచి బెజవాడ దాకా తీరం వెంట పట్టాలు పడ్డాయి. ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే అని దాని పేరు. అప్పట్లో తెల్లదొరల కాగితాల్లో శ్రీకాకుళాన్ని ‘చికాకోల్’ అని రాసేవారు. అందుకని స్టేషను ‘చికాకోల్ రోడ్’ అయింది. ఆ పేరు పోయి దశాబ్దాలైంది. కానీ రిజర్వేషన్ చార్టుల్లో ఈ స్టేషనుకి వాడే మూడక్షరాల గుర్తు ఇప్పటికీ ‘సీహెచ్‌ఈ’నే. పోయిందనుకున్న పాత పేరు అందులో దాక్కుని ఉంది.

సంతకం కోసం పిలుపు

ఖరగ్‌పూర్ నుంచి వచ్చిన ఒక కుటుంబం ఈమధ్య ఒక పొద్దున్న ఆ స్టేషన్లో దిగింది. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన పెద్దాయన, వయసు డెబ్భై ఆరు. కూడా ఆయన కూతురు, అల్లుడు, ఏడో తరగతి చదివే మనవరాలు. పెద్దాయన పుట్టిందీ పెరిగిందీ ఖరగ్‌పూర్‌లోనే. కానీ ఇంట్లో భద్రంగా దాచిన తండ్రి సర్వీసు కాగితాల్లో సొంత ఊరు అన్న చోట ‘చికాకోల్ రోడ్’ అని ఉంది. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో తండ్రికిచ్చే రైల్వే పాసు మీద అందరూ కలిసి వచ్చేవారు. 1985లో తండ్రి పోయాక ఒకసారి వచ్చివెళ్ళారు. ఆ తర్వాత నలభై ఏళ్ళు ఇటువైపు చూడలేదు.

ఇప్పుడు రావడానికి కారణం ఒక ఫోను. దాయాదుల అబ్బాయి చేశాడు. “పెదనాన్నా, పాత ఇంటి స్థలం అమ్ముతున్నాం. అందులో మీ నాన్నగారి వాటా నాలుగు సెంట్లు ఉంది. మీరొచ్చి సంతకం పెడితే పనయిపోద్ది” అని మర్యాదగానే అడిగాడు. డబ్బు ఇస్తామనీ అన్నాడు.

సంతకం కోసం వాళ్ళు పిలిచారు. పెద్దాయన బయల్దేరింది మాత్రం ఇంకో పని మీద. ఆయనకి ఒక పేరు కావాలి.

రిటైరైన ఏడాది ఆయన గయ వెళ్ళారు. పెద్దలకి పిండాలు పెట్టే చోట మూడు తరాల పేర్లు చెప్పాలి. తండ్రి పేరు చెప్పారు, తాత పేరు, ముత్తాత పేరు చెప్పారు. తల్లి పేరు చెప్పారు. ‘నాయనమ్మ పేరు?’ అని పురోహితుడు అడిగితే నోట మాట రాలేదు. పేరు తెలియకపోతే ఏం చెయ్యాలో దానికీ ఒక పద్ధతి ఉంది. కార్యం ఆగలేదు. ఆయనకి మాత్రం ఆ రోజు నుంచి అది కాల్లో దిగిన ముల్లులా ఉండిపోయింది. నాన్న బతికున్నప్పుడు అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోయేది. అడగాలని తోచలేదు. అమ్మనైనా అడగొచ్చు. ఆవిడ అత్తగారిని ఎప్పుడూ పేరుతో తలుచుకున్న పాపాన పోలేదు. ‘మీ నాయనమ్మ’ అనేది, అంతే.

ఆముదాలు, వలసలు

స్టేషను నుంచి ఊళ్ళోకి నడుస్తుంటే మనవరాలు అడిగింది. “తాతా, వలస అంటే మైగ్రేషనే కదా? ఊరికి ఆ పేరేంటి?”

మంచి ప్రశ్నే. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో తిరిగితే కొత్తవలస, కొల్లివలస, రొట్టవలస... ఇలా ‘వలస’తో ముగిసే ఊళ్ళు అడుగడుగునా తగులుతాయి. ఇక్కడి వాడుకలో వలస అంటే బయల్దేరి వెళ్ళడం ఒక్కటే అనుకుంటే పొరపాటు. వెళ్ళినవాళ్ళు పోయి దిగిన చోటు కూడా వలసే. ఎక్కణ్ణించో కొన్ని కుటుంబాలు వస్తాయి. నాలుగు పాకలు వేసుకుంటాయి. పక్కన ఏ చెట్టుందో, ఏ పంట పండుతుందో, ముందొచ్చినవాళ్ళ ఇంటిపేరేదో చూసి జనం దానికొక పేరు పెట్టేస్తారు. ఆమదాలవలస పేరులో ఆముదం చేలూ ఉన్నాయి, ఎవరో ఎప్పుడో వచ్చి దిగిన గుర్తూ ఉంది. అటు నాగావళి, ఇటు వంశధార. రెండు నదుల మధ్య నేల చూసుకుని దిగారు.

వచ్చినవాళ్ళ పేరు మీద ఊరు నిలిచింది. ఆ తర్వాత పట్టాలొచ్చి అదే ఊరిని బయల్దేరేవాళ్ళ ఊరుగా మార్చేశాయి.

ఎడ్లబండి దారిలో ఎంత పేదవాడైనా పోగలిగింది పక్క తాలూకా దాకానే. రైలొచ్చాక విశాఖ రేవు కొన్ని గంటల దూరం అయింది. రేవులో స్టీమరు ఎక్కితే రంగూను. ఉత్తరాంధ్ర పల్లెల్లో రంగూనుని ‘రంగం’ అనేవారు. వానలు ముఖం చాటేసిన ఏడాది, షావుకారు అప్పు పెరిగిన ఏడాది ‘ఆడు రంగమెల్లిపోనాడు’ అన్న మాట ఇంటింటా వినబడేది. బియ్యపు మిల్లుల్లో, రేవుల్లో బస్తాలు మొయ్యడం అక్కడ పని. కోరంగి రేవు నుంచి ముందుగా వెళ్ళినవాళ్ళ మూలాన బర్మాలో తెలుగువాళ్ళందరికీ ‘కోరంగీలు’ అనే పేరు పడిపోయింది.

పెద్దాయన తాత అలా రంగం వెళ్ళినవాడే. వెళ్ళి కొన్నేళ్ళు డబ్బు పంపాడట. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూను మీద బాంబులు వేశాయి. లక్షలమంది భారతీయులు కొండలూ అడవులూ దాటుకుంటూ కాలినడకన ఇటు బయల్దేరారు. దారిలో ఆకలికీ జ్వరాలకీ పోయినవాళ్ళు వేలల్లో ఉన్నారు. ఆ తాత మాత్రం ఆమదాలవలస తిరిగి రాలేదు. ఆయన పేరు ఇంట్లో అందరికీ తెలుసు. ‘రంగం తాత’ అని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన వెళ్ళిపోతే ఇక్కడ ఉండిపోయి పిల్లల్ని పెంచిన మనిషి పేరే తెలియకుండా పోయింది.

కరక్పూరు బండి

1902లో విశాఖకి ఎగువనున్న పట్టాలు బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వెళ్ళాయి. ఆ కంపెనీకి బెంగాల్లోని ఖరగ్‌పూర్‌లో పెద్ద వర్క్‌షాపు ఉండేది. చికాకోల్ రోడ్ స్టేషన్లో ఎక్కితే మధ్యలో మారక్కర్లేకుండా అక్కడ దిగొచ్చు. ముందు ఒకడు వెళ్ళాడు. వాడు బామ్మర్దిని పిలిపించుకున్నాడు. బామ్మర్ది ఊళ్ళోవాళ్ళకి కబురు పెట్టాడు. అలా శ్రీకాకుళం, విజయనగరం వైపు జనం అక్కడి రైల్వే క్వార్టర్లలో చేరారు. కొలిమి దగ్గరా, బాయిలర్ల దగ్గరా తెలుగు మాటలు వినబడ్డాయి. 1928లో ఆ రైల్వేలో ఉద్యోగాల కోత మీద సమ్మె జరిగితే, దాన్ని ముందుండి నడిపించింది బరంపురంలో పుట్టిన తెలుగాయన వి.వి.గిరి. ఆయనే 1969లో రాష్ట్రపతి అయ్యారు.

పెద్దాయన తండ్రి 1930లలో, ఇరవై ఏళ్ళ కుర్రాడిగా ఆ బండెక్కాడు. రైల్వే పేర్లు మారుతూ వచ్చాయి. 1944లో కంపెనీ సర్కారు పరమైంది. 1955లో సౌత్ ఈస్టర్న్ రైల్వే అయింది. ఆమదాలవలస దారి 2003లో ఈస్ట్ కోస్ట్ రైల్వే కిందికి వచ్చింది. ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్ళు మాత్రం ఎక్కడికీ పోలేదు. బళ్ళు పెట్టుకున్నారు, గుళ్ళు కట్టుకున్నారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకి అధికార భాష హోదా ఇవ్వాలని తీర్మానించింది. అది ముఖ్యంగా ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళని చూసి తీసుకున్న నిర్ణయమే.

అయినా భాష నిలబెట్టుకోవడం అంత తేలిక కాదు. పెద్దాయన అక్కడి తెలుగు బడిలోనే చదివారు. కూతురికి చదవడం వచ్చు, రాయడం తడబాటు. మనవరాలు తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ అక్షరాలు రావు. దగ్గరున్న నోటుబుక్కులో ఊరి సంగతులన్నీ బెంగాలీ లిపిలో రాసుకుంటోంది.

చూపించడానికి ఏముంది?

“మా ఊళ్ళో సూడ్డానికేటుంది పెదనాన్నా?” అన్నాడు దాయాదుల అబ్బాయి, మోటారుసైకిలు పక్కన నడుస్తూ. చిన్న ఊళ్ళలో ఎవరైనా అనే మాటే అది. అడిగితే మాత్రం ఒక్కొక్కటీ బయటపడుతుంది.

ఊరికి పేరు తెచ్చిన సహకార చక్కెర ఫ్యాక్టరీ సంగతి చెప్పాడు. సీజన్లో చెరకు బళ్ళు బారులు తీరేవనీ, బళ్ళ వెనక పిల్లలు గడల కోసం పరిగెత్తేవారనీ వాళ్ళ నాన్న చెప్పగా విన్నాడు. 2000ల తొలి ఏళ్ళలో అది మూతపడింది. ఆ తర్వాత ఓట్ల పండగ వచ్చినప్పుడల్లా తెరిపిస్తామనే మాట వినబడింది. గానుగాట మాత్రం వినబడలేదు.

గోగునార సంగతి వచ్చింది. ఈ ప్రాంతం రైతులు ఒకప్పుడు గోగు విస్తారంగా వేసేవారు. గోగు కట్టల్ని చెరువుల్లో నానబెట్టి నార తీసేవారు. అది గోనె సంచుల మిల్లులకి వెళ్ళేది. ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన కేంద్రం తయారుచేసిన గోగు రకాలకి ‘ఏఎంవి’ అని పేరు పెట్టారు. ఆమదాలవలస పేరుకి అది పొట్టి రూపం. స్టేషను పలక మీద చోటు దొరకని పేరు విత్తనాల సంచి మీద దొరికింది! ప్లాస్టిక్ సంచులొచ్చాక గోగు చేలు తగ్గిపోయాయి.

సరుబుజ్జిలి వైపు వెళితే దంతవరపుకోట. ఇప్పుడు చూస్తే మట్టి కట్టల మధ్య దిబ్బ. కళింగుల దంతపురం ఇదేనన్న వాదం చరిత్రకారుల్లో ఉంది. సింహళ దేశపు కథనాల్లో దంతపురం పేరు ఘనంగా వినబడుతుంది. బుద్ధుడి దంతాన్ని అక్కడ ఉంచి పూజించేవారట. శత్రువులు ముట్టడిస్తే రాజకుమార్తె హేమమాల దాన్ని కొప్పులో దాచుకుని, భర్తతో కలిసి సముద్రం దాటి సింహళం చేర్చిందట. అది క్రీస్తుశకం 4వ శతాబ్దం నాటి మాట. కాండీలో నేటికీ పూజలందుకునే దంతం అదేనని అక్కడివాళ్ళ నమ్మకం.

మనవరాలు లెక్క కట్టింది. “హేమమాల పేరు పదహారు వందల ఏళ్ళు గుర్తుంది. మన నాయనమ్మ పేరు ఎనభై ఏళ్ళకే మర్చిపోయామా?”

ఎవరూ జవాబు చెప్పలేదు. జవాబు తెలియక కాదు.

పేరెట్టి పిలిచేదెవరు?

ఆ పేరు తెలిసే అవకాశం ఉన్న మనిషి ఊళ్ళో ఒక్కరే మిగిలారు. పెద్దాయన తండ్రికి చెల్లెలి వరస. తొంభై దాటాయి. కళ్ళు ఆనడం లేదు, చెవులు బాగానే పనిచేస్తున్నాయి. వసారాలో మంచం మీద కూర్చుని చోడంబలి తాగుతోంది. పెద్దాయన దగ్గరికెళ్ళి కాళ్ళకి దణ్ణం పెట్టి ఫలానా అని చెప్పుకున్నారు.

“ఓలమ్మా! కరక్పూరన్న కొడుకువా? ఇలా రా నాయినా” అని మొహం తడిమి చూసింది. “మీ అయ్య ముక్కే.”

యోగక్షేమాలయ్యాయి. పోయినవాళ్ళ లెక్కలయ్యాయి. అప్పుడు అడిగారు పెద్దాయన. “అత్తా, మా నాయనమ్మ పేరేంటి?”

ముసలావిడ చాలాసేపు ఆలోచించింది. “మీ నాయనమ్మ నాకు బాగా తెలుసు. నాకు పన్నెండేళ్ళప్పుడు పోయింది. సన్నగా, పొడుగ్గా ఉండీది. పొందూరు నించి తెచ్చుకున్న రాట్నం ఉండీది. గుమ్మంలో కూకుని వడికీది. మెయిలు కూతెయ్యగానే రాట్నం ఆపీసి పొయ్యి మీద ఎసరెట్టీది. మాకు గడియారమేటుంది? ఆ కూతా, ఆవిడ పొయ్యీ.”

“పేరు అత్తా?”

“పేరా? పేరెట్టి ఎవులు పిలిసీవోరు నాయినా? మీ అయ్య అమ్మా అనీవోడు. నాను పెద్దమ్మా అనీదాన్ని. మీ తాత ఉన్నప్పుడు ‘ఒసే’ అనీవోడేమో. ఊరంతా పొందూరమ్మ అనీవోరు. పొందూరు నించి వొచ్చింది కదా. నాకూ ఇక్కడ పుట్టబట్టి పేరుంది గానీ, మరో ఊరెళ్ళుంటే ఆమదాలవలసమ్మ అయిపోదును.”

పేరు దొరకలేదు. పేరు ఎలా పోయిందో దొరికింది. పుట్టింట్లో పిలిచిన పేరు పుట్టింట్లోనే ఉండిపోయింది. అత్తింట్లో వరసలే పేర్లు. మొగుడి పేరు పెళ్ళాం పలకకూడదు. పెళ్ళాం పేరు మొగుడు పలకడు. కోడలికి అత్త, పిల్లలకి అమ్మ, మనవలకి నాయనమ్మ, వీధికి పొందూరమ్మ. రోజుకి వందసార్లు పిలిపించుకున్న మనిషే. ఒక్కసారి కూడా తన పేరుతో కాదు. ఆ పేరు తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతే ఇంకెక్కడ మిగులుతుంది?

ఇదేదో ఒక ఇంట్లో జరిగిన సంగతి అనుకోవడానికి లేదు. స్వతంత్ర భారతంలో 1951-52లో మొదటి సార్వత్రిక ఎన్నికలు జరిగినప్పుడు ఓటర్ల జాబితా రాసేవాళ్ళు ఇంటింటికీ తిరిగారు. చాలాచోట్ల, ముఖ్యంగా ఉత్తరాది రాష్ట్రాల్లో, ఆడవాళ్ళు తమ పేరు చెప్పలేదు. ఫలానావారి భార్యననో, ఫలానావారి కూతురిననో రాయించుకున్నారు. పేరు లేకుండా ఓటు ఎలా అని ఎన్నికల సంఘం గడువు కూడా ఇచ్చింది. అప్పటికీ సొంత పేర్లు రాయించుకోని దాదాపు 28 లక్షలమంది ఆడవాళ్ళని జాబితా నుంచి తీసెయ్యాల్సి వచ్చింది. పేరు లేనందుకు దేశంలో అంతమందికి ఓటు పోయింది.

కాగితం మీదికి ఎక్కిన పిలుపు

మర్నాడు దస్తావేజులు రాసే ఆయన దగ్గర కూర్చున్నారంతా. నాలుగు సెంట్ల వాటా వదులుకుంటున్నట్టు హక్కు విడుదల పత్రం. దాంతోపాటు జత చెయ్యడానికి వంశవృక్షం. పైన ముత్తాత, కింద తాత, ఆ కింద ఇద్దరు కొడుకులు, ఆ కింద వాళ్ళ సంతానం. గీతలన్నీ తిన్నగా గీసి ఉన్నాయి. పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని చదివి, తాత పేరు మీద వేలు పెట్టారు.

“ఇక్కడ ఈయన భార్య పేరు కూడా రాయండి.”

“ఆవిడ పోయి డెబ్భై ఎనభై ఏళ్ళవుతోంది కదండీ. ఈ కాగితానికి అవసరం లేదు” అన్నాడాయన.

“అవసరం లేకపోవచ్చు. రాస్తే తప్పా?”

“తప్పేం లేదు. పేరు చెప్పండి.”

“పొందూరమ్మ.”

“అది పేరేనా సార్?”

“ఊరంతా పిలిచిన పేరు. నా దగ్గర అదే ఉంది.”

దస్తావేజులాయన ఒక్క క్షణం ఆలోచించి, తాత పేరు పక్కన ‘భార్య: పొందూరమ్మ’ అని రాశాడు. తర్వాత పెద్దాయన సంతకం పెట్టేశారు. డబ్బు సంగతి ఎత్తితే, “అత్తకి కళ్ళు చూపించండి. మిగిలితే అప్పుడు మాట్లాడుకుందాం” అన్నారు. రంగం వెళ్ళిన మొగుడి కోసం ఎదురు చూస్తూ, కరక్పూరు వెళ్ళిన కొడుకు పంపే మనియార్డరుతో బతికిన ఆడమనిషి, ఉన్నన్నాళ్ళూ ఏ కాగితం మీదికీ ఎక్కలేదు. చివరికి ఇల్లు చెయ్యి దాటిపోయే కాగితం మీద ఎక్కింది. ఆలస్యమే. అసలు ఎక్కకపోవడం కన్నా నయం.

మనవరాలు ఆ మాటని నోటుబుక్కులో బెంగాలీ అక్షరాల్లో రాసుకుంది. తర్వాత పుస్తకం తాత చేతికిచ్చి, కింద తెలుగులో రాయించుకుంది. దాన్ని చూసి చూసి నాలుగుసార్లు దిద్దింది. ఆ పిల్లకి వచ్చిన మొదటి తెలుగు మాట అదే అయింది.

ఏకుల మధ్య

సాయంత్రం పొందూరు వెళ్ళారు. ఆమదాలవలసకి పెద్ద దూరమేమీ కాదు. పుట్టింటి ఇంటిపేరు తెలియదు గనక ఎవరినీ వెతకడానికి వెళ్ళలేదు. ఊరు చూడ్డానికే.

పొందూరు ఖద్దరు గాంధీజీ మెచ్చిన ఖద్దరు. 1949లో మొదలైన ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఆ పనిని కూడగట్టి నడిపిస్తూ వచ్చింది. ఇక్కడి పత్తి శుభ్రం చేసే పద్ధతి ఇంకెక్కడా కనబడదు. వాలుగ చేప దవడ ఎముకని దువ్వెనలా పట్టుకుని, దాని సన్నటి పళ్ళతో గింజ మీది దూదిని దువ్వుతారు. ఆ తర్వాత గింజ తీసి, దూది ఏకి, ఏకులు చుడతారు. ఏకులు నలగకుండా ఎండిన అరటి పట్టలో దాస్తారు. నూలు వడికేది ఎక్కువగా ఆడవాళ్ళే. అంత సన్నని నూలు తియ్యాలంటే ఏళ్ళ తరబడి చెయ్యి తిరగాలి. బట్టకి ఊరి పేరు వచ్చింది. కట్టుకున్నవాళ్ళ పేర్లు ఫొటోల్లో ఉన్నాయి. వడికినవాళ్ళ పేర్లు అంతగా వినబడవు.

ఒక ఇంటి అరుగు మీద అరవై ఏళ్ళావిడ చేప దవడతో పత్తి దువ్వుతోంది. మనవరాలు పక్కన కూర్చుని కాసేపు చూసింది. తర్వాత పుస్తకం తీసి, “మీ పేరేంటి అవ్వా?” అని అడిగింది.

“నా పేరెందుకమ్మా?” అని నవ్విందావిడ. నవ్వుతూనే చెప్పింది. తన పేరు చెప్పి ఊరుకోలేదు. తనకి ఈ పని నేర్పిన తల్లి పేరు, ఆ తల్లికి నేర్పిన అమ్మమ్మ పేరు కూడా రాయించింది. అడిగేవాళ్ళు ఉండాలే గానీ, చెప్పడానికి ఆవిడకి మూడు తరాలు నోటి చివరే ఉన్నాయి.

చిన్న ఊళ్ళకి చరిత్ర లేదంటారు. రాజులు కట్టించిన కోటలూ, శాసనాలూ ఉంటే దాన్ని చరిత్ర అంటాం. రైలెక్కి వెళ్ళినవాళ్ళదీ, వెళ్ళినవాళ్ళ కోసం గుమ్మంలో రాట్నం తిప్పినవాళ్ళదీ కూడా చరిత్రే. కాకపోతే అది రాతి మీద ఉండదు, మనుషుల నోట్లో ఉంటుంది. రాయి వెయ్యేళ్ళు ఆగుతుంది. తొంభై ఏళ్ళ అత్త ఎంతకాలం ఆగుతుంది?

ఈసారి సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు పిండివంటల హడావిడి అయ్యాక, ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ళ పక్కన ఒక్క అరగంట కూర్చోండి. తాతల పేర్లు ఎలాగూ పొలం కాగితాల్లో దొరుకుతాయి. ముందుగా నాయనమ్మ పేరు, అమ్మమ్మ పేరు, వాళ్ళ అమ్మల పేర్లు, వాళ్ళు పుట్టిన ఊళ్ళ పేర్లు అడగండి. ఏ లిపిలో రాసుకున్నా ఫరవాలేదు. రాసుకోవడం ముఖ్యం.